మార్త ప్యాకెట్ మీద మనోరమ చెయ్యి

"ఇయ్యాల ఈ పప్పు వండు," అని మహిధర్ ఒక అరకిలో ప్యాకెట్ తెచ్చి వంటింటి గట్టు మీద పడేశాడు. తాండూరులో సొంత కందిపప్పు మిల్లున్న మనిషి ఇంటికి బయటి పప్పు కొనుక్కురావడం పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మనోరమ ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకని అడిగేలోపే ఆయన గడప దాటాడు. దాటినవాడు మళ్ళీ తల లోపలికి పెట్టి, మనది కూడా పక్కన వేరే కుక్కర్లో వండమనీ, ఏది ఏదో ముందే బయటపెట్టొద్దనీ, అమ్మ తిని చెబుతుందనీ అన్నాడు. వండే మనిషికి సంగతేమిటో చెప్పాలన్న ఆలోచన ఆయనకు రాదు. కుక్కరుకు చెబుతామా మరి.

మనోరమ తడి చేతులు కొంగుకు తుడుచుకుని ప్యాకెట్ అందుకుంది. మెరూన్ రంగులో గుండ్రటి ఇసుర్రాయి, దాని పిడి పట్టుకున్న ఆడమనిషి చెయ్యి, చేతికి మూడు గాజులు. ఇందులో వింతేముంది, ఇది మా ప్యాకెట్టే కదా అనుకుంది. ఆ బొమ్మ పదిహేనేళ్ళుగా వాళ్ళ గోనెసంచుల మీద ఉంది, మిల్లు గేటు మీద ఉంది, ఆఖరికి మహిధర్ కారు వెనక అద్దం మీద కూడా ఉంది. అయితే బొమ్మ కింద "కాశమ్మ పప్పు" అని అత్తగారి పేరు ఉండాల్సిన చోట "మార్త కందిపప్పు" అని ఉంది. వెనక్కి తిప్పి చూసింది. అక్కడ చిన్న ఫోటో. కళ్ళజోడు పెట్టుకుని, జుట్టు బిగించి దువ్వుకుని, నవ్వీ నవ్వనట్టు చూస్తున్న మార్త. ఫోటో కింద "యజమాని: మార్త, వికారాబాద్" అని అచ్చు.

మార్త ఎవరో మనోరమకు ఒకరు చెప్పక్కర్లేదు. దోమ మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చి, వాళ్ళ మిల్లు వాకిట్లో కూర్చుని తొమ్మిదేళ్ళు సంచుల మీద గుర్తు కొట్టి, మూతులు కుట్టిన మనిషి. కరోనాలో మిల్లు మూతపడ్డప్పుడు వికారాబాద్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. మిల్లు తెరిచాక మళ్ళీ రమ్మని ఎవరూ కబురు పెట్టలేదు, ఆమె కూడా రాలేదు.

కుక్కర్లు రెండూ కూశాయి. మధ్యాహ్నం అత్తగారు కాశమ్మ రెండు గిన్నెల్లోని ముద్దపప్పూ నెయ్యి వేసుకుని రుచి చూసింది. నాలుక చప్పరించి, మొదటి గిన్నె పక్కకు నెట్టి, రెండోది మళ్ళీ వడ్డించుకుంది. "గిది మనది. గీ కమ్మదనం మన పప్పుకు తప్ప దేనికీ రాదు," అని తీర్పు చెప్పింది. ఆ గిన్నెలోది మార్త పప్పు. మనోరమ ఆ సంగతి చెప్పింది. తరవాత మహిధర్ తేల్చాడు. మన పప్పుకు ఒక విజిల్ ఎక్కువై మెత్తబడిందట. పప్పులో తేడా లేదట, తేడా వంటలో ఉందట.

ఆ మాటకు మనోరమ బాధపడలేదు. అలాంటివి ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యడం ఆమె ఎప్పుడో నేర్చుకుంది. ఆ తరవాత చెయ్యి కడుక్కుంటూ ఆయన అన్న మాటే ముల్లులా దిగింది.

"దొంగతనం చేస్తె చేసింది గని, మస్తు దిమాఖున్న ఆడది. సంచులు కుట్టుకునేది, ఇయ్యాల చూడు ఏడిదాక పోయిందో."

దిమాఖ్. ఆ మాట మహిధర్ నోట ఆమె చాలామంది గురించి వింది. బ్యాంకు మేనేజరుకు ఉంది, లారీల బ్రోకరుకు ఉంది, పక్క మిల్లు సేటు రెండో అల్లుడికి కూడా ఉంది. తనకు ఉందని మాత్రం ఇరవై రెండేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా అనలేదు. తన గురించి ఎవరైనా అడిగితే "మనోరమ మంచిది" అంటాడు. ఇప్పుడు ఆ మాట మార్తకు దక్కింది. బొమ్మ గీసినదానికి దక్కని మాట, దాన్ని ఎత్తుకుపోయినదానికి దక్కింది. మనోరమకు కడుపు మండిపోయింది.

మండదా మరి, ఆ బొమ్మ గీసింది ఆమె. మామగారు నర్సింహులు బతికున్న రోజుల్లో మిల్లు పప్పు ఏ గుర్తూ లేని సంచుల్లో హైదరాబాద్‌కు పోయేది, అక్కడి వ్యాపారులు వాళ్ళ పేరు కొట్టుకుని అమ్ముకునేవాళ్ళు. మనకూ ఒక గుర్తుండాలని మహిధర్‌కు పట్టుదల పుట్టింది. పెయింటరేమో రేపు, ఎల్లుండి అంటూ వారం తిప్పుకున్నాడు. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక మనోరమ మిల్లు వాకిట్లో ఓ మూల పడి ఉన్న ఇసుర్రాయి ముందు కూర్చుంది. ఎడమ చెయ్యి పిడి మీద పెట్టి, కుడి చేత్తో ఆ చేతిని నోటుబుక్కులో గీసింది. సంచుల మీద కొట్టాలంటే అచ్చు కావాలి. మామగారి ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము ఒకటి గోడకు వేలాడుతుంటే తీసుకుని, బొమ్మను దాని మీదికి దించి బ్లేడుతో కోసింది. ఆ ఫిల్మునే నమూనాగా పెట్టుకుని రేకుల పనాయన గట్టి రేకు మీద అదే బొమ్మ కోసిచ్చాడు. ఆ రేకు సంచి మీద పెట్టి రంగు కుంచె పాముతూ కూర్చున్నది మార్త.

ఇసుర్రాయి ఎవరైనా కుడి చేత్తోనే తిప్పుతారు. బొమ్మలో ఉన్నది ఎడమ చెయ్యి. దాన్ని పదిహేనేళ్ళలో ఒక్కరూ గమనించలేదు. కాశమ్మ అయితే వచ్చిన ప్రతి చుట్టానికీ "గది నా చెయ్యే" అని చూపించేది. మహిధర్ కథ మెల్లమెల్లగా మారుతూ వచ్చింది. మొదట్లో "మా ఇంట్లనే గీసినం" అనేవాడు. ఏడాది తిరిగేసరికి "నేను గీయించిన" అయింది. ఇంకో రెండేళ్ళకు, మిల్లు ఆఫీసులో వ్యాపారులు కూర్చున్నప్పుడు, "నేనే గీసిన, ఒక్క మధ్యాహ్నం కూసొని గీసిన" దాకా వచ్చింది. అది మొదటిసారి విన్నప్పుడు మనోరమ చేతిలో టీ ట్రే ఉంది. నలుగురి ముందు భర్త మాట కాదంటే బాగుండదని నవ్వింది. రెండోసారీ నవ్వింది. ఆ తరవాత ఆ నవ్వు దానంతటదే వచ్చేది.

ఇన్నేళ్ళూ ఆమెకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఇంటిది ఇంట్లోనే ఉంది కదా అనుకుంది. ఇప్పుడు బయటి మనిషి, అదీ తమ వాకిట్లో కింద కూర్చున్న మనిషి, ఆ బొమ్మ కింద తన సొంత పేరు రాసుకునేసరికి నిద్రలోనూ మెలకువలోనూ మార్తే కనబడసాగింది. ఫోన్‌లో వెతికింది. వికారాబాద్ కలెక్టరేట్‌లో ఏదో ప్రదర్శన, మార్త షీల్డు అందుకుంటోంది. పరిగి సంతలో మార్త స్టాలు. ఆడపిల్లల కాలేజీలో మైకు ముందు మార్త. మనోరమ ఆ ఫోటోలను వేళ్ళతో పెద్దవి చేసి చేసి చూసింది. చీర మామూలుదే. కళ్ళజోడుకు పవర్ ఉండదు, షోకుకు పెట్టుకుని ఉంటుందని అనుకుంది. మైకు ముందు ఏం మాట్లాడి ఉంటుంది, ఆమెకేం మాటలు వచ్చని అనుకుంది. మిగిలిన మార్త పప్పు పళ్ళెంలో పోసి గంటసేపు ఏరింది, ఒక్క రాయి దొరికితే చాలని. దొరకలేదు. తనకే సిగ్గేసి ఆ పప్పంతా డబ్బాలో పోసి మూత బిగించింది.

ఈలోగా మహిధర్ సంగతంతా రాబట్టాడు. మార్త ఆ గుర్తును రిజిస్టర్ చేసుకోవడానికి ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు పెట్టుకుంది, అది ప్రభుత్వ పత్రికలో అచ్చయింది కూడా. అచ్చయిన రోజు నుంచి నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పకపోతే గుర్తు ఆమెదైపోతుంది. ఆ నాలుగు నెలల్లో ఇంకా పన్నెండు రోజులే మిగిలాయి. పదిహేనేళ్ళు వాడుకున్నా మిల్లు తరఫున ఎన్నడూ దరఖాస్తు పెట్టని దిమాఖు మహిధర్‌ది. ఆ మాట మనోరమ మనసులోనే అనుకుంది.

వికారాబాద్‌లో కోర్టు దగ్గర రుచిత అనే వకీలు ఉంది. బొమ్మ ఎవరు గీశారో వాళ్ళను తప్పకుండా వెంట తీసుకురమ్మని ఆమె ఫోన్‌లో గట్టిగా చెప్పడంతో, కారు ముందు సీట్లో మనోరమ కూర్చోవాల్సి వచ్చింది. అనంతగిరి ఘాటు ఎక్కుతుండగా మహిధర్ ఆమెకు పాఠం చెప్పాడు. అడిగితే ఇద్దరం కలిసి గీశామని అనాలి. ఎక్కువ మాట్లాడకూడదు. వకీళ్ళు మాటల్లో ఇరికిస్తారు.

రుచితకు ముప్ఫై ఏళ్ళుంటాయేమో. రెండు ప్యాకెట్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. పేర్లు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి కేసంతా బొమ్మ మీదే నడవాలని చెప్పింది. కొనుక్కునే ఆడమనిషి ఇలా రెండూ పక్కన పెట్టుకుని పోల్చుకోదనీ, ఒకసారి చూసిన గుర్తు మనసులో పెట్టుకుని మళ్ళీ దుకాణానికి వచ్చినప్పుడు ఆ మసక గుర్తుతో పొరపడుతుందా లేదా అన్నదే చూస్తారనీ వివరించింది. ఆ తరవాత పెన్ను మొన బొమ్మలోని గుండ్రం మీద పెట్టింది.

"ఈ గుండ్రంల మూడు జాగలల్ల గీత తెగి ఉంది. రెండు ప్యాకెట్ల మీద ఒక్క తీరే. ఎందుకు?"

డిజైన్ అన్నాడు మహిధర్. స్టైల్ కోసం పెట్టానన్నాడు.

"మరి కింది సందు మిగతా రెండిటికంటె వెడల్పు ఎందుకుంది?"

మహిధర్ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. ఇన్నేళ్ళు తన కారు అద్దం మీద మోసిన బొమ్మలో ఒక సందు వెడల్పని ఆయనకు ఆ రోజే తెలిసింది. అది కూడా స్టైలే అన్నాడు. రుచిత ఆ జవాబు రాసుకోలేదు. మనోరమ ఇక ఆగలేకపోయింది. ఆ సందు ఎందుకు వెడల్పుగా ఉందో ఈ భూమ్మీద తనకొక్కదానికే తెలుసు, ఆ తెలిసింది నోట్లోంచి బయటికి దూకేసింది.

"గుండ్రం మొత్తం కోస్తె నడుమది ఊడి కింద పడ్తది మేడమ్. మొదటిసారి గట్లనే పడ్డది. పడకుంట పట్టుకోనీకె మూడు జాగల కోయకుంట వదిలిన. కిందిది కోస్తుంటె చాయ పెట్టుమని పిల్చిండ్రు. చాయ పోసి, గిన్నెలు కడిగి వచ్చేసరికి ఏడ ఆపిన్నో తెల్వలేదు. గందుకే గంత వెడల్పు."

అచ్చురేకుతో కొట్టినన్నాళ్ళూ ఆ సందులు అవసరం. తరవాత కంప్యూటర్ మీదికి ఎక్కించినప్పుడు అవసరం లేకపోయినా ఎవరూ పూడ్చలేదు. మార్త ప్యాకెట్ గీసినవాళ్ళూ పూడ్చలేదు. కంప్యూటర్ మీద గీసే బొమ్మకు నడుమది ఊడి పడుతుందన్న భయం ఉండదు కనుక, ఆ మూడు సందులూ చూసి దించినవేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదని రుచిత అంది. మహిధర్ ముఖం వెలిగిపోయింది. ఆమె మనోరమ వైపు తిరిగి, మిల్లులో మీకు జీతం ఉందా అని అడిగింది.

మహిధర్ నవ్వాడు. "ఆమెకు జీతమేంది మేడమ్, ఇంటామె."

"జీతముంటె బొమ్మ మిల్లుది అయ్యేది. లేదు గాబట్టి ఈమెదే. పదిహేనేండ్ల నుంచి మీరు వాడుతున్నది ఈమె బొమ్మ సార్."

పదిహేనేళ్ళుగా మిల్లు హమాలీలకు వండిపెట్టినా, పప్పు నాణ్యం చూసినా, మహిధర్ ఊళ్ళో లేనప్పుడు గేటు తాళాలు కొంగున కట్టుకున్నా మనోరమకు ఒక్క కాగితంలోనూ పేరు లేదు. ఎక్కడ రాయాల్సి వచ్చినా గృహిణి అని రాసేవాళ్ళు. ఆ రాయకపోవడమే ఇప్పుడు ఆమెకు ఒక ఆస్తి మిగిల్చింది. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మహిధర్‌కు మాత్రం సంగతి వెంటనే అర్థమైంది. దానికి విరుగుడేమిటని అడిగాడు. రుచిత ముందే టైపు చేయించి పెట్టిన కాగితం బయటికి తీసింది. అది బదిలీ పత్రం. మనోరమ సంతకం పెడితే బొమ్మ మిల్లుదవుతుంది, మిల్లు మార్త మీద గట్టిగా అభ్యంతరం వెయ్యొచ్చు.

మహిధర్ పెన్ను మూత తీసి మరీ ఆమె చేతికిచ్చాడు. మనోరమ చదువుతానంది. చదవడానికేముంది, ప్రేమతో ఇచ్చినట్టే రాశారు కదా అన్నాడు. నిజమే, "సహజమైన ప్రేమాభిమానాలతో, ఎలాంటి ప్రతిఫలం ఆశించక, శాశ్వతంగా" అని ఉంది. రుచిత అడ్డుపడింది. తాను మిల్లు తరఫు వకీలుననీ, ఆమెకు మంచిచెడ్డలు చెప్పే మనిషి వేరే ఉండాలనీ, ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని సంతకం పెట్టనివ్వమనీ అంది. తిరుగుదారిలో మహిధర్ కారు ఘాటు దిగించాడు. దిగాక అన్నాడు. "చాయ ముచ్చట గక్కడ చెప్పాల్నా? ఇజ్జత్ తీసినవ్."

కాగితం మూడు రోజులు పోపుల డబ్బా కింద ఉంది. సంతకం పెట్టకూడదని మనోరమ పంతం పట్టిందనుకుంటే పొరపాటు. పెట్టాలనే ఉంది. పెడితే మార్త ప్యాకెట్ మీంచి ఆ చెయ్యి ఊడిపోతుంది, మార్త షీల్డులూ స్టాళ్ళూ వెలవెలబోతాయి, కళ్ళజోడు వెనక ఆ నవ్వీ నవ్వని నవ్వు ఆగిపోతుంది. ఆ ఊహ ఎంత హాయిగా ఉందంటే అన్నం వారుస్తూ దాన్ని మళ్ళీ మళ్ళీ ఊహించుకుంది. అయితే పెన్ను పట్టుకోగానే ఇంకో సంగతి అడ్డొచ్చేది. మార్త నుంచి లాక్కున్న చెయ్యి తన దగ్గరికి రాదు. మహిధర్ దగ్గరికి పోతుంది, కాశమ్మ పేరు కింద కూర్చుంటుంది. ఓడిపోయినా మార్త పేరు మార్తకు ఉంటుంది. గెలిచినా తనకు ఏం మిగులుతుంది? ఇలా అనుకుంటే మళ్ళీ మార్త మీదే అసూయ. తిరిగి తిరిగి అక్కడికే వచ్చేది. అత్తగారు రోజుకు రెండుసార్లు అడిగింది, సంతకమే గదా, బంగారమేం అడుగుతలేరు గదా అని.

నాలుగో రోజు పొద్దున వంట ముగించి, వికారాబాద్ పోయొస్తానని చెప్పి రైలెక్కింది. కాగితం హ్యాండ్‌బ్యాగులో ఉంది. వకీలు దగ్గరికే పోతోందని ఇంట్లోవాళ్ళు సంతోషించారు. ఆమె మార్తను చూడడానికి పోతోంది. దుకాణం ఇరుకుగా, మురికిగా ఉంటే చాలు, ఫోటోల్లో కనబడేదంతా పైపై మెరుగులైతే చాలు, తన కడుపు మంట చల్లారుతుంది, సంతకం పెట్టేసి సాయంత్రం బండికి తిరిగొస్తుంది. దారంతా అదే మొక్కుకుంది.

బస్టాండు వెనక సందులో దుకాణం నిజంగానే ఇరుకుగా ఉంది. మురికిగా లేదు. నలుగురు ఆడవాళ్ళు పప్పు తూకం వేసి ప్యాకెట్లకు పోస్తున్నారు. బోర్డు మీద మనోరమ చెయ్యి, దాని పక్కన మార్త పేరు, చెయ్యికంటే పేరే పెద్దది. మనోరమను చూసి మార్త లేచి నిలబడింది. ఒకప్పుడు ఆమెను పటేలమ్మా అని పిలిచేది.

"రా అక్కా, కూసో," అంది.

ఆ అక్కా అన్న పిలుపుకు మనోరమ ఒళ్ళు చురుక్కుమంది. కుర్చీ ఒకటే ఉంటే మార్త దాన్ని ఆమెకు జరిపి, తాను పప్పు బస్తా మీద కూర్చుంది. టీ తెప్పించి రెండు స్టీలు గ్లాసుల్లో పోసింది. రెండూ ఒకే రకం గ్లాసులు, ఏది ఎవరిదో తెలియదు. మిల్లులో మార్త టీ తాగే గ్లాసు ప్రహరీ గోడ మీద విడిగా ఉండేది. దాన్ని అక్కడ పెట్టించింది కాశమ్మ, అక్కడే ఉండనిచ్చింది మనోరమ. మార్త ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే మనోరమ ఏదో ఒక సమాధానం చెప్పుకుని తేలికపడేదేమో.

"నా బొమ్మ ఎట్ల పెట్టుకున్నవ్ మార్తా?"

మార్త బుకాయించలేదు. తొమ్మిదేళ్ళు ఆ రేకు పట్టుకుని రంగు కొట్టానంది. ప్యాకెట్ చేసే కంప్యూటరాయన గుర్తు ఏం కావాలని కాగితం ముందుకు తోస్తే, చేతికి అదొక్కటే వచ్చిందంది.

"గది నేను గీసిన. నువ్వు చూసినవ్," అంది మనోరమ.

"చూసిన. నువ్వు చాయ కోసం లేసిపోయింది గూడ చూసిన. సార్ ఎవలొచ్చినా నేనే గీసిన అంటుంటె నువ్వు ట్రే పట్టుకొని పక్కన నిలవడి నవ్వినవ్ అక్కా. ఒక్కనాడు కాదు. నీకు అక్కెర లేదనుకున్న. అక్కెర లేనిది తీసుకున్న, గంతే."

చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. మార్త అబద్ధమాడినా బాగుండేది, తిట్టినా బాగుండేది. ఆ నవ్వును ఒకరు చూస్తున్నారనీ, చూసి దానికో అర్థం చెప్పుకున్నారనీ మనోరమకు ఎన్నడూ తోచలేదు. వాకిట్లో కింద కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే అంతా చూసింది. ప్యాకెట్లు పోస్తున్న ఆడవాళ్ళు పని ఆపి వింటున్నారు. మార్త వాళ్ళను బయటికి పొమ్మనలేదు.

"సార్ పేరుతోని నోటీసొస్తె కోర్టుల నిలవడ్త," అంది మార్త మెల్లగా. "ఆయన గీయలేదని నేనే చెప్త. నీ పేరుతోని వస్తె వేరే ముచ్చట. నువ్వడిగితె నా దగ్గెర జవాబు లేదు."

మనోరమ టీ తాగేసి, గ్లాసు తానే కడిగి బోర్లించి, బయటికి వచ్చింది. మార్త మీద అసూయ పోయిందా అంటే పోలేదు. ఇంకా పెరిగింది. ఆ ఇరుకు గదిలో, పప్పు బస్తా మీద కూర్చుని, తప్పు చేసి కూడా అంత నిక్కచ్చిగా మాట్లాడగలగడం మీద అసూయ పుట్టింది. దాన్ని అణుచుకోవాలని ఈసారి ఆమెకు అనిపించలేదు.

కోర్టు గేటు పక్కన రేకుల షెడ్డు కింద జంగప్ప అనే పెద్దాయన కంప్యూటర్ పెట్టుకుని అర్జీలూ నోటీసులూ టైపు చేసిస్తుంటాడు. కన్నడ యాస కలిసిన తెలుగు. మనోరమ ఆయన ముందు స్టూలు మీద కూర్చుని, ఒక నోటీసు కొట్టాలి, ప్రతులు రెండు కావాలంది. మాటలు తడుముకోకుండా చెప్పింది. ఈ బొమ్మ ఫలానా సంవత్సరం నేను గీశాను, నా చేత్తో కోశాను, దీని మీద హక్కు నాది, నా రాతపూర్వక అనుమతి లేకుండా దీన్ని ఇకపై ఎవరూ వాడరాదు, వాడదలిస్తే నాతో మాట్లాడుకోవాలి. కింద మనోరమ అని పేరు, అంతే. ఫలానావారి భార్య అని జంగప్ప అలవాటుగా కొట్టబోతే అది వద్దంది.

మొదటిది మార్తకు, దుకాణం చిరునామాతో. జంగప్ప కొట్టాడు. రెండోది ఎవరికని అడిగాడు. ఆమె మిల్లు పేరూ, మహిధర్ పేరూ, తాండూరు వీధీ, ఇంటి నంబరూ చెప్పింది. మిల్లూ ఇల్లూ ఒకే ప్రహరీలో ఉన్నాయి, నంబరు ఒకటే. జంగప్ప అదీ కొట్టి, పంపేవారి చిరునామా ఏమిటని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ వైపు వంగాడు.

"అమ్మా, పంపేటోళ్లది, అందుకునేటోళ్లది ఒక్కటే అడ్రసు చెప్పినరు. తప్పువడ్డదా?"

"తప్పు లేదు. గట్లనే కొట్టండి."

ఆయన కొట్టలేదు. ఒకసారి ఆమె ముఖం వంక, ఒకసారి అక్షరాల వంక చూశాడు. మంచి మనిషి, ఆమెకు నష్టం కలగకూడదని మెల్లగా అడిగాడు. "ఒక్కింట్లనే ఉంటరు గదా తల్లీ. రిజిస్టర్ పోస్టు ఎందుకు, చేతికియ్యరాదు?"

"చేతికిస్తె చదవడు," అంది మనోరమ. "పోస్టుల వస్తె చదువుతడు."